లెక్క రాస్తూనే ఉన్నాం, చదివేదెవరు?

ఒడ్డున పడి ఉన్న తాబేలు కళేబరాన్ని చూసి ముక్కు మూసుకుని తప్పుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు తెలియదు. తెలిసీ ఊరుకునేవాళ్ల మీదే నా కోపమంతా.

చలికాలం మొదలైంది మొదలు ఎండలు ముదిరేదాకా మా శ్రీకాకుళం తీరంలో కొందరం తెల్లవారకముందే ఇసుకలో నడుస్తాం. జీతం లేదు, అడిగిందీ లేదు. రాత్రి ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్లిన ఆలివ్ రిడ్లీ తాబేలు జాడ కనిపిస్తే, కుక్కలూ నక్కలూ తవ్వేలోపు ఆ గుడ్లు తీసి హేచరీకి చేరుస్తాం. ఒక్కో గోతిలో నూరు గుడ్ల దాకా ఉంటాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఈ పని ఎంత చేసినా అలుపు రాదు.

అలుపొచ్చేది రెండో పనితో. చచ్చిన ప్రతి తాబేలు దగ్గరా కూర్చోవాలి. డిప్ప పొడవు కొలవాలి. తోక చూసి ఆడదో మగదో రాయాలి. గాయముందేమో వెతకాలి. ఫొటో తీసి, మర్నాడు మళ్లీ లెక్కలోకి రాకుండా డిప్ప మీద రంగు కొట్టాలి. చాలాసార్లు ఒంటి మీద గాయమే ఉండదు. కడుపు నిండా గుడ్లతో చచ్చిన తల్లిని కొలుస్తున్నప్పుడు చేతులు వణుకుతాయి.

తాబేలు ఎంత ఈదినా చేప కాదు. గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. రొయ్యల కోసం మరబోట్లు ట్రాల్ వలను గంటల తరబడి అడుగున ఈడుస్తాయి. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేదు, ఊపిరాడక చస్తుంది. 2025 జనవరిలో చెన్నై, దాని చుట్టుపక్కల తమిళనాడు తీరానికి వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. చెన్నై మహానగరం కాబట్టి దేశం చూసింది. మా ఊళ్ల ఒడ్డున రోజుకొకటీ రెండూ చొప్పున సీజనంతా చస్తే అది వార్త కూడా కాదా?

చట్టం లేదా అంటే, ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలును మొదటి షెడ్యూలులో పెట్టింది. పులికెంత రక్షణో దీనికీ అంతే. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సముద్రం తెప్పలూ నాటుపడవలదే, మరబోట్లు అక్కడ వేటాడకూడదు. వలలో పడిన తాబేలు బయటికి జారిపోయేలా చేసే టెడ్ పరికరాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు ఏనాడో తయారుచేసింది. ఆ పరికరం వాడడం లేదనే కదా మన సముద్రపు రొయ్యను కొనబోమని అమెరికా తలుపు మూసింది! అప్పుడు కూడా మనకు బాధ కలిగింది డాలర్ల కోసమే, తాబేలు కోసం కాదు.

నాటుపడవల మత్స్యకారుల మీద నెపం వేయకండి. తాబేలు ఒడ్డుకొచ్చిందని మాకు మొదట కబురు పెట్టేది వాళ్లే. మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చినప్పుడు వాళ్ల వలలూ తెగుతాయి. తాబేలును చంపేదీ, వాళ్ల కూడు కొట్టేదీ ఒకే బోటు.

ఈ సంగతులన్నీ కాగితం మీద పెట్టి పట్టుకెళ్తే ఒక ఆఫీసు, బోట్లు మా పరిధి కాదంటుంది. ఇంకో ఆఫీసు, తాబేళ్లు మా పరిధి కాదంటుంది. చచ్చేది మాత్రం ఆ రెండు ఆఫీసులున్న జిల్లా ఒడ్డునే. పిల్లలను సముద్రంలో వదిలే రోజున మాత్రం అందరూ వస్తారు, అరచేతిలో తాబేలు పిల్లతో ఫొటో దిగుతారు. ఆ పిల్ల తల్లి కావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. వెయ్యింటిలో ఒకటి బతికి పెద్దదైతే గొప్ప. అంటే పది గోతుల పిల్లలను వదిలినా చచ్చిన ఒక్క తల్లికి సరిపోదు. కళేబరం పక్కన నిలబడి ఒక్కరైనా ఫొటో దిగరేం?

విష్ణువును కూర్మరూపంలో కొలిచే శ్రీకూర్మం మా జిల్లాలోనే ఉంది. గుడిలో కూర్మనాథుడికి దండం పెట్టి, ఒడ్డున కుళ్లుతున్న తాబేలును చూసీ చూడనట్టు పోవడం ఏం భక్తి?

కొత్త చట్టాలు అడగడం లేదు. గుడ్లు పెట్టే నెలల్లో రాత్రిపూట గస్తీ బోటు తిప్పండి. రేవు దాటకముందే టెడ్ ఉందో లేదో వల తీసి చూడండి. హద్దు మీరిన బోటు లైసెన్సు ఆపండి. చచ్చినవాటికి శవపరీక్ష చేసి ఫలితం బయటపెట్టండి. మేం నడవడం మానం, రాయడం మానం. కానీ మా లెక్కను మీ ఫైళ్లలో పాతిపెట్టడానికి ఇకమీదట ఒప్పుకోం. వారం వారం పంచాయతీ గోడ మీదా, చేపల రేవులోనూ అంటిస్తాం. ఎన్ని చచ్చాయో, ఎవరు ఏ పని చేయలేదో ఊరంతా చదువుతుంది. అప్పుడు మాకు కాదు, ఊరికి జవాబు చెప్పుకోండి.