ఊపిరికి కాపలా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళ ఆడబిడ్డకి గర్భసంచిలో గడ్డలట. ఎల్.బి.నగర్‌లో ఒక ఆస్పత్రివాళ్ళు రోబోతో ఆపరేషన్ చేస్తామన్నారట. ఆవిడకి చిన్నప్పట్నించీ ఉబ్బసం. "రోబో అంటే భయం లేదండీ, మత్తంటేనే భయం. పీల్చే మత్తుల్లో ఊపిరితిత్తులకి ఏది మంచిదో చెప్పండి, అదే ఇమ్మని అడుగుతాం" అంటున్నారు.

కాఫీపొడి రకం అడిగినంత సులువుగా అడిగేశారు! ప్రశ్న మాత్రం మంచిదే.

రోబో తనంతట తాను కొయ్యదు. సర్జనే కూర్చుని దాని చేతుల్ని నడిపిస్తారు. ఊపిరితిత్తులకి ఇబ్బంది వచ్చేది పడుకోబెట్టే తీరువల్ల. లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి పూరీలా ఉబ్బిస్తారు. పేగులు అడ్డం రాకుండా తలవైపు బల్లని కిందికి వంచుతారు, ఒక్కోసారి 25, 30 డిగ్రీల దాకా. అలా గంటలకొద్దీ ఉంటే పొట్టలో బరువంతా ఛాతీ మీదికొస్తుంది. ఊపిరితిత్తుల అడుగుభాగాలు గాలి అందక పిండిన స్పాంజిలా ముడుచుకుపోతాయి.

ఇక మత్తుల సంగతి. సెవోఫ్లురేన్‌కి ఘాటు తక్కువ, పసిపిల్లలకి కూడా మాస్కుతో పీల్పిస్తారు. శ్వాసనాళాల్ని వదులు చేస్తుంది కనక ఉబ్బసం ఉన్నవాళ్ళకి అనుకూలం. డెస్‌ఫ్లురేన్ ఇట్టే దిగిపోతుంది, మెలకువ త్వరగా వస్తుంది. కాని ఘాటెక్కువ, ఉబ్బసం ఉన్నవాళ్ళకీ, సిగరెట్లు కాల్చేవాళ్ళకీ దగ్గు తెప్పించవచ్చు. (23 డిగ్రీలకే మరుగుతుందది. మన హైదరాబాదు ఎండల్లో సీసా మూత తీస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే దానికి వేరే పరికరం.) ఐసోఫ్లురేన్ పాతది, దిగడం నెమ్మది. ఊపిరితిత్తుల్లో వాపుని ఏది ఎక్కువ తగ్గిస్తుందని పరిశోధనలు చాలా జరిగాయిగాని, ఇదే గెలిచిందని చెప్పేంత తేడా తేలలేదు.

అసలు తేడా మెషీన్‌తో గాలి కొట్టే తీరులో ఉంది. పెద్ద పెద్ద ఊపిర్లు కాకుండా కిలోకి 6 నుంచి 8 మిల్లీలీటర్ల చొప్పున చిన్న ఊపిర్లిస్తారు. కిలోలంటే మనిషి ఎత్తునిబట్టి ఉండాల్సిన బరువు. లావుగా ఉన్నారు కదా అని ఎక్కువ గాలి కొట్టరు. ఊపిరి వదిలాక కూడా లోపల కాస్త పీడనం ఉంచుతారు, ముడుచుకుపోకుండా.

ఈ మత్తుల తగువు మన ఊరికి కొత్తేం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే అయిదో స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజి. అప్పట్లో అది హైదరాబాదు వైద్య పాఠశాల, ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాం ముందు ఆపేది గుండెనా, ఊపిరినా అని ప్రపంచమంతా వాదించుకుంటున్న రోజులవి. తేల్చడానికి ఆరో నిజాం అండతో 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిచాయి. రెండోదానికి నిజాం 1000 పౌన్లిచ్చి, లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని రప్పించారు. ఊపిరే ముందు ఆగుతుంది, ఊపిరినే కనిపెట్టుకుని ఉండండి అన్నారు లారీ. క్లోరోఫాం గుండెని కూడా హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. అంటే లారీ చెప్పినదాంట్లో సగమే నిజం. క్లోరోఫాం పోయింది గాని, ఊపిరిని కనిపెట్టడం మాత్రం పోలేదు. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటారు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి అమ్మా, ఫలానా మత్తే ఇమ్మని పట్టుబట్టకండి. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చూడటానికొచ్చినప్పుడు ఏదీ దాచకుండా చెప్పండి. ఉబ్బసం ఆఖరిసారి ఎప్పుడొచ్చింది, ఏ ఇన్‌హేలరు వాడుతున్నారు, ఇప్పుడు జలుబుందా, గట్టిగా గురక పెడతారా, ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా. ముఖ్యంగా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తిచ్చినప్పుడు ఒళ్ళు విపరీతంగా కాలిపోయిందా? అలాంటి చరిత్ర ఉంటే ఈ పీల్చే మత్తులేవీ ఇవ్వకూడదు. "ఆ సంగతి చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారేమో" అని ఊరుకునేవాళ్ళున్నారు, పొరపాటు.

ఆపరేషన్ రోజు ఇన్‌హేలరు వెంట తీసుకెళ్ళండి. మూడు బంతులుండే ఊపిరి పరికరం ముందే కొని ఇంట్లో అలవాటు చేయించండి. మెలకువ వచ్చాక మొహం ఉబ్బి కనిపిస్తే హడలిపోకండి, తల కిందికి ఉంచడం వల్ల అలా అవుతుంది. గ్యాసు వల్ల భుజం కూడా లాగవచ్చు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఆయాసంగాని, పిల్లికూతలుగాని మొదలైతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా నర్సుని పిలవండి.