లెక్క రాసే మనిషికి జీతం

మన ఊళ్లలో ఏ గుడికి వెళ్లినా ఒకసారి పైకి చూడండి. ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు ఉంటాయి. సిమెంటు బల్లల వీపున ఉంటాయి, మంచినీళ్ల ట్యాంకు మీద ఉంటాయి, మెట్ల మీద కూడా ఉంటాయి. నెలనెలా కరెంటు బిల్లు కట్టేవాళ్ల పేరు మాత్రం ఎక్కడా కనపడదు. వస్తువు కొనివ్వడం మనకు తరతరాల అలవాటు. అది రోజూ నడవడానికి ఇవ్వడం ఇంకా అలవాటు కాలేదు. గుడికి హుండీ ఉంది కాబట్టి గడిచిపోతుంది. హుండీ లేని చిన్న స్వచ్ఛంద సంస్థల మాటేమిటి?

పోయిన దసరా తర్వాత పల్నాడులో అలాంటి ఒక సంస్థ కోసం నిధుల దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. ఏటా పత్తితీతలకు, మిరపకోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు వస్తాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. బడి ఈడు పిల్లలు, చంటిపిల్లలు అందరూ వెంట రావలసిందే. చేను పక్కన టార్పాలిన్ గుడిసె వేసుకుని ఏప్రిల్ దాకా అక్కడే. తల్లులు కోతకు వెళితే ఆ పిల్లల్ని పగలంతా ఒక గదిలో ఉంచి, తిండి పెట్టి, నాలుగు అక్షరాలు చెప్పే కేంద్రం ఈ సంస్థది. నడిపే ఆవిడను ఊరంతా అక్కా అంటారు. నేనూ అలాగే పిలుస్తాను.

అక్క ముందే ఒక బడ్జెట్ రాసి పెట్టుకుంది. నలభై మంది పిల్లలు, అయిదు నెలలు, నెలకు 26 రోజులు. పిల్లలను చూసుకునే ఇద్దరు ఆడవాళ్లకు నెలకు తొమ్మిదేసి వేల చొప్పున 90,000. గది అద్దె 20,000. అన్నం, గుడ్డు, పాలు కలిపి రోజుకు ఒక్కో బిడ్డకు 25 రూపాయల లెక్కన 1,30,000. చాపలు, పలకలు, ఆటవస్తువులు 15,000. మొత్తం 2,55,000. ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

"లెక్కలు ఎవరు రాస్తారక్కా?" అని అడిగాను.

"నేనే రాస్తానండీ, రాత్రిపూట."

"ఆడిట్ ఫీజు?"

"అది మా ఆయన ఇస్తాడు లెండి."

"మరి మీరు కేంద్రానికి వచ్చిపోయే బస్సు చార్జీలు?"

ఆవిడ నవ్వి ఊరుకుంది. తర్వాత బీరువాలోంచి ఒక చెప్పుల డబ్బా తీసి నా ముందు పెట్టింది. అందులో రబ్బరు బ్యాండు వేసిన పాల చీటీలు. కోళ్లఫారం వాడు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చిన గుడ్ల లెక్క. బిల్లు అంటే ఏమిటో ఎరగని ఆటో అతని చేత తెల్లకాగితం మీద వేయించిన వేలిముద్ర. అయిదు వేలు దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. ఒకే రోజు ఒకే మనిషికి పదివేలకు మించి నగదు ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ఇవన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. రాకపోతే ఆడిటర్ ఒప్పుకోడు. ఆడిట్ లేకపోతే అసలు దరఖాస్తే లేదు.

ఒక కంపెనీ సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) సొమ్ము ఒక చిన్న సంస్థకు అందాలంటే ఏమేం కావాలో పాఠకులకు ఒకసారి చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఓ స్థాయి దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఆ డబ్బు తీసుకోవాలంటే సంస్థకు సొసైటీ రిజిస్ట్రేషన్ లేదా ట్రస్టు డీడు, పాన్, ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ, 80జీ అని పిలిచే పన్ను మినహాయింపు అనుమతులు ఉండాలి. ఆ తరహా పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు కూడా తప్పనిసరి. పైగా చాలామంది నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, బైలా, కార్యవర్గ తీర్మానం అడుగుతారు. ప్రజల డబ్బు, కంపెనీ వాటాదారుల డబ్బు ఎవరి చేతికి వెళుతోందో చూసుకోవాలి కదా. ఇందులో ఏదీ అన్యాయమని నేను అనను. ఈ కాగితాలు సిద్ధం చేసే మనిషికి జీతం ఎవరూ ఇవ్వకపోవడమే అన్యాయం.

అక్క బడ్జెట్‌ను మళ్లీ రాశాం. ఏడాది పొడవునా సగంపూట వచ్చి లెక్కలు రాసే అమ్మాయికి నెలకు అయిదు వేలు, అంటే 60,000. ఆడిట్ ఫీజు 15,000. అక్క తిరుగుడు ఖర్చు నెలకు రెండు వేలు, అయిదు నెలలకు 10,000. మొత్తం 3,40,000 అయింది. కొత్తగా చేరిన 85,000 అందులో సరిగ్గా పావు వంతు. ఈ పావు వంతునే ఆవిడ ఇన్నేళ్లూ తన కంటినిద్రతో, భర్త జేబుతో కట్టుకుంటూ వచ్చింది. తనకు జీతం రాసుకుందామంటే మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. ఆ మాట మీద మా ఇద్దరికీ ఇప్పటికీ తగాదానే.

దరఖాస్తు ఫారంలో ఒక గడి ఉంది: ఒక్కో లబ్ధిదారుకు అయ్యే ఖర్చు. పాత లెక్కలో అది 6,375 రూపాయలు, కొత్త లెక్కలో 8,500. "పెద్ద అంకె చూస్తే పక్కన పెట్టేస్తారేమోనండీ" అంది అక్క. ఆవిడ భయం ఉత్తది కాదు. తక్కువకు చేసేవాళ్లనే మంచివాళ్లుగా చూసే పద్ధతి మనది. కానీ 6,375 అనేది నిజం కాదు. ఆ అంకె రాసిన ప్రతి సంస్థా పక్క ఊరి సంస్థ చేత కూడా అదే అబద్ధం రాయిస్తుంది. ఇచ్చేవాళ్లకు నిజమైన ధర ఎప్పటికీ తెలియదు.

కొత్త లెక్క చూసిన ఒక కంపెనీ ప్రతినిధి ఫోనులో మర్యాదగానే చెప్పాడు: "అడ్మిన్ ఖర్చు అయిదు శాతం దాటకూడదని రూల్ ఉంది సార్." ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. చెప్పేవాళ్లు మోసం చేయడం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. ఆ అయిదు శాతం పరిమితి కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద. పని చేసే సంస్థ ఖర్చు మీద కాదు. 2021 ఆగస్టులో కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణలో ఇది స్పష్టంగానే ఉంది. అమలు చేసే సంస్థకు అయ్యే నిర్వహణ ఖర్చు కంపెనీ పరిపాలనా ఖర్చు కిందికి రాదు. చిన్న సంస్థలు నడిపేవాళ్లు ఆ సర్క్యులర్ ప్రతిని ఫైలులో పెట్టుకోవాలి. అడిగినప్పుడు వినయంగా చూపించాలి.

ఎవరైనా అడగవచ్చు, జీతాల పేరు చెప్పి మింగేసే సంస్థలు లేవా అని. ఉన్నాయి. బోర్డు తప్ప పని లేని వాటిని నేనూ చూశాను. అయితే వాటిని పట్టించేది ఏమిటి? రోజువారీ లెక్క, వోచరు, స్టాకు పుస్తకం. లెక్కకు పైసా ఇవ్వకుండా లెక్క చూపించమంటే నష్టపోయేది నిజాయితీపరులే. దొంగలెక్క రాసేవాడికి ఏ ఇబ్బందీ లేదు, వాడు ఒక రాత్రిలో రాసేస్తాడు. రెండేళ్ల కిందట అక్క కేంద్రానికి ఒక దాత నుంచి రావలసిన రెండో విడత, మొదటి విడత ఎలా ఖర్చయిందో చూపే యూసీ ఆలస్యంగా పంపారని ఆగిపోయింది. ఆ యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాయవలసిన అక్క అప్పుడు టైఫాయిడ్‌తో మంచం మీద ఉంది. పాలవాడు నలభై రోజులకు పైగా అప్పు పోశాడు. ఆ దాత నివేదికలో ఆ పాలవాడి పేరు లేదు.

సంస్థ నడవడానికి డబ్బిచ్చే పద్ధతి లోకంలో లేకపోలేదు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు కమ్యూనిటీ ఫౌండేషన్లు తెలిసే ఉంటాయి. 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదలుపెట్టిన పద్ధతి అది. ఊళ్లో కలిగినవాళ్ల సొమ్మంతా ఒక ఉమ్మడి నిధిలో చేరుతుంది. ఆ ఊరి అవసరం చూసి ఆ ఊరి పెద్దలే పంచుతారు. అక్కడ ఒక ప్రాజెక్టుకని కాకుండా సంస్థ నడవడానికని ఇచ్చే గ్రాంటు కూడా ఉంటుంది. ఫోర్డ్ ఫౌండేషన్ లాంటి పెద్ద సంస్థ సైతం, తాను ఇచ్చే ప్రాజెక్టు గ్రాంట్లలో నిర్వహణ ఖర్చు వాటాను 10 నుంచి 20 శాతానికి పెంచుతున్నట్టు 2015లో ప్రకటించింది. మనకు జిల్లాకొక ఉమ్మడి నిధి లేదు. కంపెనీ గడప, లేకపోతే విదేశాల్లో ఉన్న ఊరి బిడ్డల చెయ్యి, ఇవే దిక్కు.

ఆ రెండోదాని గురించీ ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికాలో ఉన్న అబ్బాయి ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అతను అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఇది తెలియక ఇబ్బంది పడ్డ సంస్థలు ఉన్నాయి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, అనుమతి ఉన్న పెద్ద సంస్థ ఆ డబ్బును చిన్న సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. ఏళ్ల తరబడి ఎన్నో చిన్న సంస్థలను బతికించిన దారి అలా మూసుకుపోయింది. అందువల్ల స్థానిక కంపెనీల మీద బాధ్యత ఇంకా పెరిగింది. తాము పనిచేసే ప్రాంతానికి, చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే వారికి చెబుతోంది.

చిన్న సంస్థలు నడిపే అక్కలకు, అన్నలకు నా మనవి ఒకటే. దరఖాస్తులో మీ నిజమైన ఖర్చు రాయండి. లెక్క రాసే మనిషి జీతం, ఆడిట్ ఫీజు, బస్సు చార్జీ ఏ వరుసకు ఆ వరుస విడిగా రాయండి. ఇతర ఖర్చులు అని ఒక మూటగా కడితే అనుమానం వస్తుంది. విడివిడిగా చూపిస్తే చూసేవాళ్లకు పని అర్థమవుతుంది. సీఎస్ఆర్ కమిటీల్లో కూర్చునే పెద్దలారా, మార్చి నెలాఖరులోగా నిధులు ఖర్చు చేయాలని మీకు తొందర ఉంటుంది. మిరపకోతలు ముమ్మరంగా సాగేదీ ఆ రోజుల్లోనే. అక్క దరఖాస్తు మీ బల్ల మీదికి వస్తే 60,000 రూపాయల వరుస దగ్గర పెన్ను ఆపండి. దాన్ని కొట్టేయకండి.