లేని లోకముల పటములు

లేని వస్తువునకు పటము గీచుట వ్యర్థమని పెద్దలు కొందరు చెప్పుదురు. ఊరికి పటము కావలెను. నదికి పటము కావలెను. సముద్రమున ఓడ నడపు నావికునకు పటము లేనిదే గడవదు. కాని, కథకుడు కల్పించిన లోకమునకు పటమెందులకు? అచట పొలము కొనువాడు లేడు. అచటికి ప్రయాణము కట్టువాడును లేడు. ఈ మాట పైకి సమంజసముగనే తోచును. కొంచెము నిదానించి ఆలోచించినచో ఇట్టి పటములకును ఒక ప్రయోజనము కలదని తెలియును. ఆ ప్రయోజనమెట్టిదో, దాని హద్దులెచటనున్నవో విచారింతము.

అమెరికా దేశమున జార్జి లూకాస్ అను దర్శకుడు 1977లో ‘స్టార్ వార్స్’ అను చలనచిత్రమును వెలువరించెను. నక్షత్రముల నడుమ జరిగిన యుద్ధముల కథ అది. 1980లోను, 1983లోను ఆ కథకు తరువాయి చిత్రములు వచ్చినవి. ఎడారి లోకమైన టాటూయిన్, మంచు లోకమైన హోత్, మేఘములలో తేలియాడు నగరము, అడవులతో నిండిన ఎండోర్ ఉపగ్రహము మొదలగునవి ఆ మూడు చిత్రములందును కానవచ్చు ప్రదేశములు. 2004లో ఈ ప్రదేశములను వివరించు బొమ్మల పుస్తకమొకటి ఆంగ్లమున వెలువడినది. దాని పేరు ‘ఇన్‌సైడ్ ది వరల్డ్స్ ఆఫ్ స్టార్ వార్స్ ట్రైలజీ’. అందలి వచనమును జేమ్స్ లూసెనో వ్రాసెను; చిత్రములను హాన్స్ జెన్సెన్, రిచర్డ్ చేస్‌మోర్ అను ఇరువురు చిత్రకారులు గీచిరి.

ఈ పుస్తకమున బొమ్మలు గీచిన పద్ధతి గమనింపదగినది. విజ్ఞానశాస్త్ర పాఠములలో మందారపుష్పమునకు నిలువుకోత గీచి, లోపలి కేసరములను, అండాశయమును చూపుదురు కదా! అట్లే ఈ చిత్రకారులు కట్టడముల గోడలను, కప్పులను తొలగించి, లోపలి గదులు, మెట్లు, యంత్రములు కనబడునట్లు గీచిరి. పనసపండును కోసినగాని తొనలెట్లు అమరియున్నవో తెలియదు. కట్టడము విషయమును అంతియే.

ఇందువలన కలుగు మొదటి లాభము ఊహకు క్రమశిక్షణ అలవడుట. మూడు చిత్రములును కలిసి ఆరు గంటలకు కొంచెము మించి నడచును. ఒక్కొక్క ప్రదేశము మన కన్నులయెదుట నిలుచునది కొన్ని నిమిషములే. చలనచిత్రము తీయువారు కెమెరాకు కనబడు వైపున మాత్రమే గోడ కట్టి, వెనుక వైపు విడిచిపెట్టవచ్చును. పటము గీచువానికి అట్టి వెసులుబాటు లేదు. హోత్ లోకమున మంచును తొలిచి నిర్మించిన సైనిక స్థావరమును చూడుడు. ఆ స్థావరమున సైనికులెచట నిద్రింతురు? విమానములు ఏ ద్వారమున వెలుపలికి పోవును? యంత్రములకు శక్తి ఎచటినుండి వచ్చును? ఈ మెట్లు దిగినచో ఏ గదికి చేరుదుము? ఇట్టి ప్రశ్నలకు సమాధానము తోచినగాని చిత్రకారుని కలము ముందుకు సాగదు. ఊహయనగా నోటికి వచ్చినదెల్ల చెప్పుట కాదు. ఒక మాట చెప్పినపిమ్మట రెండవ మాట దానికి పొంది కుదురవలెను. ఇల్లు కట్టు మేస్త్రీకి ఎట్టి కట్టుబాటు కలదో, లోకమును కల్పించు కవికిని అట్టి కట్టుబాటే కలదు.

కథ విన్నవాడు కథ జరిగిన చోటును తెలిసికొనగోరుట క్రొత్త సంగతి కాదు. మన పురాణములలో భువనకోశమను భాగమున ద్వీపములు, సముద్రములు, పర్వతములు వరుసగా వర్ణింపబడినవి. శ్రోత యొక్క ఆ కుతూహలమే నేడు బొమ్మల పుస్తకముగా రూపొందినది.

రెండవ లాభము ఇంతకంటె గొప్పది. కల్పిత లోకమును శ్రద్ధగా చూచువాడు తుదకు నిజమైన లోకమునకే వచ్చి చేరును. టాటూయిన్ అను పేరు ట్యునీషియా దేశపు దక్షిణభాగముననున్న తతావీన్ అను పట్టణపు పేరును తలపించును. కథానాయకుడు పెరిగిన భూగర్భగృహమును చిత్రీకరించినది ఆ దేశముననే మట్మాటా అను గ్రామమున. అచటి బెర్బెరు ప్రజలు నేలలో పెద్ద గుంట త్రవ్వి, ఆ గుంటను ముంగిలిగా చేసికొని, దాని చుట్టును మట్టిలో గదులు తొలుచుకొనిరి. పైన ఎండ ఎంత కాసినను లోపల చల్లగా ఉండును. రాత్రి చలి గదులలోనికి అంతగా చొరదు. చెట్లు అరుదైన చోట ఇంటికి కలప వెదకు పనియు తప్పును. యావిన్ ఉపగ్రహమున అడవిపై తలయెత్తిన ఆలయములు గ్వాటిమాలా దేశమున తికాల్ అను చోట మాయాజాతివారు వేయి సంవత్సరములకు పూర్వమే నిర్మించినవి. మంచు లోకమును నార్వే దేశమున ఫిన్సె అను చోట, 1979లో చిత్రీకరించిరి. ఎండోర్ అడవులు కాలిఫోర్నియా రాష్ట్రపు రెడ్‌వుడ్ అడవులు. ఆ చెట్లలో కొన్ని 100 మీటర్లకు మించి పెరుగును.

ఇందులో ఒక నీతి కలదు. మట్మాటాలో మొదటి గుంట త్రవ్వినవాని పేరు మనకు తెలియదు. తికాల్ ఆలయమునకు రాళ్లు మోసిన కూలివాని పేరును ఎవరును వ్రాసి ఉంచలేదు. అయినను వారి బుద్ధియు, శ్రమయు లేనిచో ఈ కల్పిత లోకములు ఇట్లుండెడివి కావు. పుస్తకమున అందమైన బొమ్మను చూచి ఆనందించువాడు ఆ అజ్ఞాత శిల్పులను కూడ ఒక్కసారి స్మరించుట న్యాయము.

ఇక ఆక్షేపణలు. అన్నియు బొమ్మ కట్టి చూపినచో చదువరి ఊహకు పని ఏమి మిగులునని కొందరి ప్రశ్న. ఇందు సత్యము లేకపోలేదు. ఒకడు గీచిన గదులలోనే సదా తిరుగాడువాడు ఆ ఇంట అద్దెకున్నవాడే కాని యజమాని కాడు. మరికొందరు పిల్లలు ఓడల పేర్లు, ఆయుధముల పేర్లు, సైనికుల పేర్లు కంఠస్థము చేసి, అదియే జ్ఞానమని భ్రమింతురు. పేర్ల పట్టిక జ్ఞానము కానేరదు. అయితే ఇది పుస్తకపు దోషము కాదు, చదువు తీరులోని దోషము. భూగోళ పాఠమును అర్థము చేసికొనక వల్లెవేసినను ఫలమింతియే కదా!

శాస్త్రదృష్టితో చూచినచో మరియొక లోపము కనబడును. ఈ కథలో ఒక్కొక్క గోళమునకు ఒక్కటే శీతోష్ణస్థితి. ఒకటి అంతయు ఎడారి. ఒకటి అంతయు మంచు. ఒకటి అంతయు అడవి. మన ఒక్క దేశముననే థార్ ఎడారి, హిమాలయముల మంచు, పశ్చిమ కనుమల అడవులు ఏకకాలమున ఉన్నవి. నేల ఎత్తును, వర్షపాతమును అన్నిచోట్ల ఒక్క తీరున ఉండకపోవుటయే దీనికి ముఖ్యకారణము. ఆకసమున ఒకే తీరుగనుండు గోళములు లేవని కాదు. బృహస్పతి ఉపగ్రహమైన యూరోపా అంతయు మంచు కప్పుకొన్నదే. కాని అచట మనుష్యుడు ఊపిరి పీల్చజాలడు. మన గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు కలదు. చెట్లును, సముద్రజలములలోని సూక్ష్మజీవులును సూర్యకాంతి తోడ్పాటున దానిని తయారుచేయును. చెట్లు లేక, సముద్రము లేక, అంతయు ఇసుకయైన టాటూయిన్‌లో జనులు పీల్చు ప్రాణవాయువు ఎచటిది? తలుపులు, నడవలు గీచిన పటము ఈ ప్రశ్నకు సమాధానమీయజాలదు. చదువరియే ఆలోచింపవలెను.

అట్లని ఊహను తక్కువచేయరాదు. టాటూయిన్ ఆకసమున ఇద్దరు సూర్యులు క్రుంకు దృశ్యము 1977 నాటి చిత్రమున కలదు. 2011లో కెప్లర్ దూరదర్శినితో పరిశోధించిన శాస్త్రజ్ఞులు రెండు నక్షత్రములచుట్టు తిరుగు గ్రహమునొకదానిని కనుగొనిరి. దానికి కెప్లర్-16బి అని పేరు. ఆ గ్రహము తన జంట సూర్యులను 229 దినములలో ఒకసారి చుట్టివచ్చును. అయితే అది శనిగ్రహమును పోలిన పెద్ద గ్రహము. నిలిచి సూర్యాస్తమయము చూచుటకు తగిన ఇసుకనేల అచట ఉండునని ఆశింపరాదు. కావున కథకుడు జోస్యము చెప్పెననుట తగదు. ఇట్టిది ఉండవచ్చునా అని అడుగుట కథకుని పని. ఉన్నదా లేదా అని పరీక్షించుట శాస్త్రజ్ఞుని పని. మొదటి ప్రశ్న పుట్టనిచో రెండవదానికి తావెక్కడ?

కనుక విద్యార్థులు ఇట్టి పుస్తకములను చదువుట తప్పుకాదు. చదివి అంతటితో ఆగుట తప్పు. పుస్తకము చేతికి వచ్చినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ లోకమున నీరు, గాలి, ఆహారము ఎచటినుండి వచ్చుచున్నవి? దీనికి మాతృకయైన నిజమైన స్థలమేది? నేను గీచినచో దీనిని ఎట్లు గీతును? మొదటి ప్రశ్న శాస్త్రమునకు, రెండవది భూగోళమునకు, చరిత్రకు త్రోవ చూపును. మూడవదానికి కావలసినది ఒక తెల్లకాగితము, ఒక పెన్సిలు. ఇతరుల లోకములను ఎన్నింటిని చూచినను, తన కాగితముపై ఒక్క గీతయైన గీచినవాడే వానిని చక్కగా చూచినవాడు.