కంటి ప్రక్కన గట్టి వాపు



మా సంఘములో ఒక నాలుగేండ్ల బాబుకు కంటి ప్రక్కన చిన్న వాపు వచ్చింది. నొప్పి లేదు, జ్వరము లేదు. తల్లి ఆరాధన తరువాత తీసుకొనివస్తే నేను చేతులుంచి ప్రార్థించి పంపించాను. "ఆసుపత్రిలో చూపించమ్మా" అని ఒక్క మాట చెప్పలేదు. అది నా తప్పు. ఊరి మందులతో నెల గడిచింది. వాపు గట్టిపడి కనురెప్పకు ప్రాకింది.

పట్నములో కంటి డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్ష చేయించారు. క్యాన్సరు కాదు, ఫంగస్ అని తేలింది. అంటే బూజు జాతి.

ఈ బూజు మట్టిలో, కుళ్ళిన ఆకులలో, పాత గడ్డిలో ఉంటుంది. సాధారణముగా మనకు హాని చేయదు. షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి అపాయము. 2021లో కరోనా రోగులకు బ్లాక్ ఫంగస్ ఎక్కువగా అలాగే వచ్చింది. ఆరోగ్యముగల పసిపిల్లలకు రావడం బహు అరుదు. అయినను గీరుకొన్న చోటు నుండి గాని, ముక్కు ప్రక్కనున్న సైనసుల నుండి గాని కంటి చుట్టూ చేరవచ్చును. సాధారణముగా ఒకరి నుండి ఒకరికి అంటదు. ఇది తల్లి అశ్రద్ధ కాదు, ఎవరి పాపఫలమూ కాదు.

కొన్ని నెలలు మాత్రలు వాడాక వాపు తగ్గింది. "అయ్యగారూ, స్వస్థత కలిగింది. సాక్ష్యం చెప్పి మందులు ఆపేస్తాం" అన్నాడు తండ్రి. నాకు భయం వేసింది. పైకి తగ్గినా లోపల మిగిలితే తిరిగి వస్తుంది.

హిజ్కియా కన్నీటి ప్రార్థనను దేవుడు విన్నాడు. అయినను యెషయా అతని కురుపు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు (2 రాజులు 20). "సాక్ష్యం చెప్పు తమ్ముడూ, మాత్రలు మాత్రం డాక్టరుగారు ఆపమనేవరకు వేయి" అన్నాను. అలాగే చేస్తున్నారు. బాబు చూపు బాగున్నది.

తల్లులారా, పిల్లల కంటి వాపు మందులు వాడినా కొద్ది రోజులలో తగ్గకపోతే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. వాపుతో జ్వరము వచ్చినా, కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, గ్రుడ్డు సరిగా కదలకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్ళండి. ఆకు పసరు, చనుబాలు కంటిలో పోయవద్దు. డాక్టరు వ్రాయకుండా స్టెరాయిడు చుక్కలు వేయవద్దు. మొదట తగ్గినట్లుండి, లోపల ఫంగస్ పెరుగుతుంది.

మోకాళ్ళూని ప్రార్థించండి. లేచి బస్సెక్కండి. రెండూ విశ్వాసమే.

ప్రభువు సేవలో,
మీ కాపరి