అగ్గిపెట్టె భక్తులు

బానెట్ ఎత్తిన చోట ఆడవాళ్ళ మాట చెల్లదనే శాసనం ఎవరు రాశారో గానీ, మా ఇంట్లో అది నిన్నమొన్నటిదాకా అమల్లోనే ఉంది. పప్పులో ఉప్పెంతో చెప్పడానికి మావారికి హక్కుంది. కారులో నిప్పెందుకు పడలేదో అడగడానికి మాత్రం నాకు లేదు! ఈ అన్యాయం మీదే నా గోలంతా.

మా ఇంట్లో ఒక ముసలి పద్మిని ఉంది. మనిషి కాదండోయ్, కారు! 1984లో మామగారు కొన్నది. ఆయన పోయాక దాన్ని అమ్మడానికి అత్తగారి మనసొప్పలేదు. మావారికీ ఒప్పలేదు. అబద్ధమెందుకు, నాకూ ఒప్పలేదు. కొత్తకోడలిగా ఈ గుమ్మంలోకి నేను దిగింది అందులోంచే. కానీ ప్రేమ వేరు, నడిరోడ్డు మీద నిలబడటం వేరు.

మొన్న వేసవిలో అత్తగారికి కంట్లో శుక్లం తీశారు. ఇంటికి తీసుకొస్తుంటే బెజవాడ బెంజి సర్కిల్ దాటగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆవిడ వెనకసీట్లో ఆ ఎండలో నలభై నిమిషాలు కూర్చుంది. పల్లెత్తు మాట అనలేదు. అననందుకే నాకు ప్రాణం ఉసూరుమంది. మావారు బానెట్ ఎత్తి, గరుకు కాగితంతో ఏదో గీకి, "పాయింట్లు కాలాయి" అన్నారు, "పాలవాడు రాలేదు" అన్నంత మామూలుగా. ఆ ఏడాదికి అది మూడోసారి.

ఇంటికొచ్చాక "ఏమండీ, ఆ పాయింట్లేమిటి?" అని అడిగాను. "నీకర్థం కాదులే" అన్నారు. మర్నాడే ఆటోనగర్ వెళ్ళి మా పాత మెకానిక్ ముందు కూర్చున్నాను. అర్థం కాకపోవడానికి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదమ్మా! వినండి.

పెట్రోలు ఇంజనుకి వేళకి నిప్పురవ్వ కావాలి. డిస్ట్రిబ్యూటర్ అనే డబ్బాలో రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి. అవే పాయింట్లు. అవి కలిస్తే కాయిల్‌లోకి కరెంటు పోతుంది. విడిపోయిన క్షణాన కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో రవ్వ పడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఆ ముక్కలు సెకనుకి 100 సార్లు, గంటకి 3,60,000 సార్లు కలిసి విడిపోవాలి. ఇన్ని విడాకుల కాపురం ఏం నిలుస్తుంది చెప్పండి? విడిపోయినప్పుడల్లా కాస్త కాలతాయి. వాటిని తోసే మడమ అరుగుతుంది. అరమిల్లీమీటరు కూడా లేని ఆ సందు ఇంకా తగ్గుతుంది. నిప్పు పడే వేళ తప్పుతుంది. బండి దగ్గుతుంది. ఇది మా బండి తయారుచేసిన వాళ్ళ తప్పు కాదు, ఆ కాలపు పెట్రోలు కార్లు చాలావాటి వరస ఇదే.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. అమెరికాలో క్రిస్లర్ కంపెనీ 1973 మోడళ్ళకే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. పాత బళ్ళక్కూడా పెట్టుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ పారేయక్కర్లేదు, కాయిల్ మంచిదైతే అదీ మార్చక్కర్లేదు. పాయింట్లున్న చోట ఒక చిన్న సెన్సరు, తిరిగే కడ్డీకి నాలుగు అయస్కాంతాలున్న బిళ్ళ. అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సరు కబురు చెబుతుంది, మాడ్యూలనే డబ్బా కాయిల్‌కి కరెంటు ఆపుతుంది. ఒకదాన్నొకటి తాకేదేమీ లేదు. తాకకపోతే అరిగేదేముంది? ఈ సెన్సరు వెనకున్న సూత్రాన్ని ఎడ్విన్ హాల్ అనే ఆయన 1879లోనే కనిపెట్టాడు. మావారికి మాత్రం అదింకా "కొత్త పిచ్చి"!

ఇక మగవాళ్ళ వాదనలు చూడండి.

మొదటిది, "బండి ఒరిజినాలిటీ పోతుంది." ఎక్కడ పోతుందండీ? ఒక్క కన్నం పొడవక్కర్లేదు. అక్కర్లేదనుకుంటే మళ్ళీ పాయింట్లు బిగించుకోవచ్చు. ఆ బండికే ఆరువేలు పోసి పువ్వుల సీటుకవర్లు కుట్టించినప్పుడు ఒరిజినాలిటీ ఏ ఊరెళ్ళింది?

రెండోది, "ఖర్చు." మాడ్యూలు పాత సామాన్ల కొట్లో దొరికింది. సెన్సరు, బిళ్ళ, తీగలు, కూలీ అన్నీ కలిపి నాకైంది 3,200 రూపాయలు. ఇంతకన్నా చవకదారీ ఉంది. పాయింట్లను ఉంచి, భారమంతా ఒక ట్రాన్సిస్టరు మీద వేయడం. పాయింట్లు కాలడం తగ్గుతుంది గానీ మడమ అరుగుడు మామూలే. అందుకే నేనొప్పుకోలేదు.

మూడోది, "దాంతో మైలేజీ రెట్టింపవుతుందటగా!" అని వెటకారం. అలా చెప్పి అమ్మేవాణ్ణి మీరూ నమ్మకండి. పాయింట్లు సరిగ్గా ఉన్న బండికి దీనివల్ల పెద్ద మైలేజీ రాదు. వచ్చేదల్లా ఒక్కటే, ఇవాళ పెట్టిన టైమింగు ఆర్నెల్ల తర్వాత కూడా ఇంచుమించు అలాగే ఉండటం. ఇల్లాలికి అంతకన్నా ఏం కావాలి?

నాలుగోది మాత్రం నిజమైన వాదన, చెప్పింది మా మెకానిక్. "పాయింట్లు మొరాయిస్తే రోడ్డు మీదే గీకి ఇంటికి పోవచ్చమ్మా. ఇది పోతే పోయినట్టే." కాదనను. అందుకే కొన్ని జాగ్రత్తలు ఆయన చేతే చెప్పించుకున్నాను. మాడ్యూలుకి వేడి పడదు, ఇంజను మీద కాక దూరంగా బాడీకి బిగించాలి. కాయిల్ దానికి సరిపోయేదేనా అని చూడాలి. బ్యాటరీ తీగలు తారుమారైతే మాడ్యూలు చస్తుంది. ఇంజను ఆగి ఉండగా తాళంచెవి ఆన్‌లో వదిలేయకూడదు. డిస్ట్రిబ్యూటర్ కడ్డీ ఊగుతుంటే ముందు బుష్ మార్పించాలి. అన్నీ అయ్యాక టైమింగు మళ్ళీ పెట్టించాలి.

ఇదంతా విని కూడా మావారు, "నాన్నగారి బండి, చెయ్యి పెట్టొద్దు" అని ఆఖరి అస్త్రం వేశారు. అప్పటిదాకా జపమాల తిప్పుతున్న అత్తగారు తలెత్తారు. "మీ నాన్నగారు నాకు కట్టెలపొయ్యి తీయించి గ్యాసుపొయ్యి పెట్టించారురా. నా కళ్ళు పోతున్నాయని. అప్పుడు మా అత్తగారూ ఇలాగే అన్నారు" అన్నారు.

ఇంకేం మాట్లాడతారు! ఆ ఆదివారమే పని పూర్తయింది. ఎనిమిది నెలలైంది, బండి ఒక్కసారి దగ్గలేదు.

నా కోపం పాత బళ్ళ మీద కాదు, పాయింట్ల మీదా కాదు. సాధనతో వచ్చే కష్టాన్ని సంప్రదాయమని పేరు పెట్టి మొయ్యమనే వాళ్ళ మీద. బానెట్ ఎత్తేది వాళ్ళే కావచ్చు, ఎండలో వెనకసీట్లో కూర్చునేది మనం. కనక అడగండి. "నీకర్థం కాదులే" అంటే, చెప్పేదాకా అడగండి.

మా వంటింట్లో గ్యాస్ లైటర్ పక్కన ఇప్పటికీ ఒక అగ్గిపెట్టె ఉంటుంది. లైటర్ మొరాయించిన రోజున అదే దిక్కు. అందుకని దాంతోనే రోజూ పొయ్యి వెలిగించుకోవాలా? మా కారు డాష్‌బోర్డులో కూడా పాత పాయింట్లు, కండెన్సరు, ఒక స్క్రూడ్రైవరు గుడ్డలో చుట్టి పెట్టాను. మూట కట్టింది నేనే. అవసరమైతే బిగించేదీ నేనే. మావారిని టార్చిలైటు పట్టుకోమంటాను.