ఆపడం వేరు, ఊదించడం వేరు

మద్యం సేవించి వాహనం నడపడం నేరమన్న విషయంలో భిన్నాభిప్రాయానికి తావు లేదు. ఒకరి మత్తుకు దారిన పోయే అమాయకులు బలి కావడం మనం తరచుగా చూస్తున్నదే. అయితే రాత్రివేళ రహదారిపై బారికేడ్లు నిలిపి, వచ్చిన ప్రతివారి నోటికీ యంత్రాన్ని అందించే అధికారం పోలీసులకు ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. బళ్ళారిలో ఆపినా, సరిహద్దు దాటి గుంతకల్లులో ఆపినా ఈ ప్రశ్నకు ఆధారం ఒక్కటే: 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అది కేంద్ర శాసనం.

ఆ చట్టంలో ఈ అధికారం రెండు మెట్లుగా ఉన్నది. మొదటిది ఆపడం. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి కోరితే వాహనం నిలపవలసిందే. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే 130వ సెక్షను ప్రకారం లైసెన్సు చూపవలసిందే. రెండవది ఊదించడం. ఇక్కడ 203వ సెక్షను ఒక షరతు విధించింది. డ్రైవరు తాగి ఉన్నాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉండాలి. మద్యం వాసన, మాట తడబాటు, బండి వంకరటింకరగా రావడం వంటివి అటువంటి కారణాలు. అవి ఉండి కూడా ఊదడానికి నిరాకరిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఏ లక్షణమూ లేనివారిని సైతం వరుసబెట్టి ఊదించడాన్ని మాత్రం ఈ సెక్షను మాటలతో సమర్థించడం కష్టం.

తరువాతి ఘట్టాలకూ హద్దులున్నవి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించితేనే 185వ సెక్షను కింద నేరం. అరెస్టు చేసిన రెండు గంటలలో వైద్య పరీక్ష జరిపించాలి, లేనిచో విడిచిపెట్టాలి. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ శిక్ష విధించవలసినది న్యాయస్థానమే. రోడ్డుపైనే డబ్బు కట్టి ముగించుకోగల నేరం కాదిది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకోరాదని, మద్యం సేవించని తోటివారికో, బంధువులకో అప్పగించాలని 2021లో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది.

సరిహద్దు తెలుగువారికి మరొక చిక్కున్నది. ఇంట తెలుగు మాట్లాడి, కన్నడ లిపి చదవలేనివారు ఏ కాగితంపై సంతకం చేస్తున్నామో ఎరుగక చేసి వస్తున్నారు. అరెస్టుకు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో తెలియజేయాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక "ఇందులో ఏమున్నదో తెలుగులో చెప్పండి" అని అడగడం ధిక్కారం కాదు, హక్కు.

ఇదంతా తాగినవారిని కాపాడే వాదనగా ఎవరూ భావించరాదు. పద్ధతి తప్పిన కేసు కోర్టులో నిలవదు. నిజంగా తాగి నడిపినవాడు ఆ లొసుగులోనుండే బయటపడతాడు. చట్టాన్ని అమలుచేసేవారు ముందుగా ఆ చట్టానికి లోబడి నడచుకున్నప్పుడే రహదారిపై భద్రతా, పౌరునికి గౌరవమూ రెండూ నిలుస్తాయి.