గుహయు ఛాయాచిత్రమును

గడచిన క్రిస్మసు సెలవులలో ఇంగ్లండు దేశమున నున్న మా అక్కయ్యగారి యింటికి పోయి వచ్చితిని. వారు బ్రిస్టలు నగరమున కాపురమున్నారు. ఆ నగరమునకు దక్షిణముగా, సోమర్సెట్ మండలమున, చెడ్డార్ అను గ్రామము కలదు. ఆ యూరి నెరుగని వారు సైతము ఆ పేరు గల చీజు నెరుగుదురు. గ్రామము ప్రక్కనే మెండిప్ కొండల సున్నపురాతిని నిలువునా చీల్చినట్లు లోతైన యొక లోయయు, ఆ లోయలో గఫ్ అనునాతని పేర వెలసిన గుహయు, ఆ గుహలో ముగ్గుచున్న చీజు దిమ్మలును కలవు. వానినెల్ల కన్నులార చూచి వచ్చితినని సెలవులైన పిదప బడిలో చెప్పుకొంటిని. ఇప్పుడట్లు చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. కారణము ముందు తెలియగలదు.

చీజును మనవారు జున్నని యనువదింతురు గాని అది సరికాదు. మన జున్ను ఈనిన పశువు ముర్రుపాలతో నాటికి నాడు వండి తినునది. చీజు నెలల తరబడి ముగ్గవలసినది. చెడ్డార్ చీజును చేయు విధమిది. పాలను తోడువేసి, రెన్నెట్టుతో గడ్డకట్టించి, ఆ గడ్డను చిన్న ముక్కలుగా కోసి వేడిచేసి, తేటను వార్చి వేయుదురు. మిగిలిన గడ్డను పలకలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి, మాటిమాటికి తిరుగవేయుదురు. ఈ తిరుగవేయు పనికే ఆ యూరి పేరు వచ్చినది. పిమ్మట మర పట్టి, ఉప్పు కలిపి, అచ్చులలో నదిమి, గుడ్డ చుట్టి, క్రొవ్వు పూసి ముగ్గబెట్టుదురు. 1170వ సంవత్సరమున రెండవ హెన్రీ రాజు పదివేల పౌనులకు మించిన చెడ్డార్ చీజును కొనినట్లు రాజ్యపు లెక్కలలో నున్నదట. ఈ చేతిపని నొక క్రమమునకు దెచ్చి, శుచియు కొలతయు నేర్పినవాడు 19వ శతాబ్దమున నుండిన జోసెఫ్ హార్డింగ్ అను సోమర్సెట్ రైతు.

ముగ్గబెట్టుటకు గుహ యేల? ఎండ తగిలినచో క్రొవ్వు కారును. మిక్కిలి చల్లనైనచో ముగ్గదు. గాలి పొడిగా నున్నచో పైపొర బీటలువారును. గుహలో నీ మూడు బాధలును లేవు. గఫ్ గుహలో నేడాది పొడుగున ఇంచుమించు 11 డిగ్రీల వేడిమి యుండును. గాలి యెల్లప్పుడు తేమగా నుండును. కొండ లోపలికి ఋతువులు చేరవు. మన యూరి నూతినీరు సంక్రాంతి తెల్లవారుజామున గోరువెచ్చగాను, వైశాఖమాసపు మధ్యాహ్నమున చల్లగాను తోచుట మనమెల్లర మెరుగుదుము. నూతినీరు మారుట లేదు. మారునది మన యొడలికి తగులు గాలి. గుహ కథయు నట్టిదే.

ఇక నేను చేసిన పని వినుడు. గుహ వాకిట నిలుచునప్పుడు బయటి గడ్డిపై మంచు తెల్లగా పేరుకొనియుండెను. లోనికి పోయినది మొదలు చేతిలోని కెమెరాను దించలేదు. మా బావగారు ఏదో చూపుచుండగా నేను వెలుగు చాలలేదని సరిచేసికొనుచుంటిని. ఇనుప తడిక వెనుక బల్లలపై వరుసలుగా చీజు దిమ్మలు బూజుపట్టిన గుడ్డలతో కూర్చుండియున్నవి. వానిని తీయబోగా కెమెరా అద్దము మీద పొగవలె తేమ క్రమ్మెను. తుడిచితిని, మరల క్రమ్మెను. వెనుక వచ్చువారు త్రోవకై నిలిచియుండిరి. ఎట్లో పదునాలుగు చిత్రములు తీసికొని బయటపడితిని.

ఆ చిత్రములను తొమ్మిదవ తరగతివారికి చూపుచు, గుహ మంచుగడ్డవలె చల్లగా నుండెనని చెప్పితిని. చిత్రములు నీలివన్నెగా నుండుటచే నాకు నిజముగనే యట్లు తోచినది. అద్దముపై తేమ క్రమ్మిన ముచ్చటయు చెప్పి వారిని నవ్వించితిని. అంతట వెనుక బల్లనుండి యొక బాలిక లేచి, "మాస్టరుగారూ, చల్లని గ్లాసుపై గదా నీరు పట్టునది! మీ కెమెరా బయట చల్లబడి లోనికి వచ్చినది. అట్లయిన గుహ బయటికంటె వెచ్చగా నుండవలెను గదా?" అని యడిగెను. తరగతి యంతయు నా ముఖము చూచెను. ఆ బాలిక మాట అక్షరాల నిజము. బయట మంచు, లోపల 11 డిగ్రీలు. నా తోలు చొక్కాయి లోపల చెమట పట్టిన సంగతి కూడ అప్పుడు జ్ఞప్తికి వచ్చినది! గుహలో నిలిచిన నాకు తెలియనిది, ఎన్నడును గుహ చూడని బిడ్డకు తెలిసినది. చీజు వాసన యెట్లుండెనని మరియొక బాలుడడిగెను. దానికి బదులే చెప్పలేకపోతిని.

నా నష్టమింతటితో తీరలేదు. 1903లో ఆ గుహలోనే ఒక మనుష్యుని యస్థిపంజరము దొరికినది. ఆతడు సుమారు 10,000 సంవత్సరముల క్రిందటివాడు. అసలు ఎముకలు లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నవి; గుహలో నుంచినది నకలు. ఆ నకలు చిత్రము నాయొద్ద నున్నది. దానిని గూర్చిన పలక చదివిన జ్ఞాపకము మాత్రము లేదు. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసిన పిమ్మట తెలిసినదేమన, 1997లో ఆ యస్థులలోని వంశలక్షణములను పరీక్షింపగా, తల్లివైపు వంశము ఆ యూరిలోనే చరిత్ర బోధించుచుండిన యొక ఉపాధ్యాయునితో కలిసెనట. 2018లో జరిగిన పరీక్షలను బట్టి ఆ పురాతనుని మేనిచాయ నలుపని, కన్నులు నీలములని శాస్త్రజ్ఞులు భావించిరి. ఆ గుహలోనే దొరికిన ఇంకను పాతవైన, సుమారు 14,700 సంవత్సరములనాటి పుర్రెలను మనుష్యులు చెక్కి గిన్నెలుగా వాడిరని 2011లో ప్రకటించిరి. ఇంతటి స్థలమున నిలిచి, నేను వెలుగు చాలలేదని విచారించుచుంటిని.

వెలుగును గూర్చి యొక మాట. చూడవచ్చు వారికొరకు గుహలలో నిత్యము వెలిగించు దీపముల చుట్టు పచ్చని పాచి పెరుగును. చీకటిలో నెన్నడును బ్రతుకనేరని మొక్కలవి. ఫ్రాన్సు దేశమున లాస్కో గుహను 1948లో ప్రజలకు తెరచి, జనుల ఊపిరివలనను దీపపు పాచివలనను ప్రాచీన చిత్రములు చెడుచుండుటచే 1963లో మూసివేసిరి. కెమెరా మెరుపు క్షణమాత్రము గనుక పాచిని పెంచదు. ఆ దోషము దానిపై మోపరాదు. కాని చెడ్డార్ గుహలలో శీతకాలమున గబ్బిలములు నిద్రించును. నిద్రనుండి లేపినచో వసంతమువరకు దాచుకొనిన క్రొవ్వు వృథాగా కరగిపోవును. వాని ముఖముపై మెరుపు వేయుట క్రూరము.

ఛాయాచిత్రమే కూడదని నా వాదము కాదు. మంచమున నున్న అవ్వకు మనుమడు కొండ చూపవలెనన్న చిత్రము తప్ప వేరు త్రోవ యేది? ఆ పుర్రెలపై కత్తిగాట్లను శాస్త్రజ్ఞులు లోకమునకు చూపినదియు చిత్రములతోనే. అయితే వారు ముందు చూచిరి, పిదప తీసిరి. నేను తీసితిని, చూడలేదు.

రాబోవు విహారయాత్రకు మన పాఠశాల బెలుం గుహలకు పోవలెనని నిర్ణయమైనది. ప్రతి బిడ్డ చేతికి ఫోను నియ్యవలెనని కొందరు తల్లిదండ్రులు కోరుచున్నారు. ఇంత దూరము పంపి, ఇంత రుసుము చెల్లించి, ఒక్క చిత్రమైనను లేకున్న నెట్లని వారి యాక్షేపణ. అది నిర్లక్ష్యము చేయదగినది కాదు. కాని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర వర్ణించిన, 2002లో ప్రజలకు తెరచిన ఆ గుహలు మూడు కిలోమీటర్లకు మించిన పొడవు గలవి. చెడ్డార్ గుహవలె గాక లోపల ఉక్కపోయును. రెండును సున్నపురాతి గుహలే. ఒకదానిలో చీజు ముగ్గును, రెండవదానిలో చొక్కా తడియును. ఇట్లేల? ఈ ప్రశ్న చిత్రమును చూచినవానికి తట్టదు. చెమట పట్టినవానికి తట్టును. ఆ దేశపు ఏడాది సగటు చలియే ఆ కొండలో నిలిచియున్నది. మన సీమ యెండల సగటు మన కొండలో నిలిచియున్నది.

కావున నా కోరిక యిది. తరగతికొక కెమెరా చాలును. అది ఉపాధ్యాయుని యొద్ద నుండవలెను. మొదటి చుట్టు దానిని సంచిలోనుండి తీయరాదు. తిరిగి వచ్చునప్పుడు పిల్లలు కోరిన చోట్లనే చిత్రములు తీసి, ప్రతి యింటికి నకళ్లు పంపుదము. ఫోనులకు మారుగా ఉష్ణమాపకము లిత్తము: వాకిట నొకమారు, నడుమ నొకమారు, చిట్టచివర నొకమారు చూచి వ్రాసికొందురు గాక. సైన్సు గదిలో నాలుగు కలవు, అందొకటి పగిలినది. ఆ తొమ్మిదవ తరగతి బాలికకు మంచిది యొకటి యిచ్చెదనని యిదివరకే మాట యిచ్చియున్నాను.